గోడపై వెలిగిన పేరు

శరత్కాల సాయంసంధ్యారాగము నాగావళీ తీరసైకతములపై కరగిపోవుచుండగా, దినమంతయు జనపనార ధూళిధూసరితులైన మిల్లు కార్మికులు స్నానములొనర్చి పిల్లాపాపలతో వార్షికోత్సవ సభకు తరలి వచ్చిరి. వారందరిలోను మిక్కిలి ఉబ్బిపోవుచుండినది ఇందుమతి. ఏల యందురా? కార్యాలయమున క్రొత్తగా కుదిరిన ఆ చిన్నది ఉద్యోగులందరి నంబరును పేరును పనియు చేరిన తేదీయు కంప్యూటరు పట్టికలో వరుసవరుసగా నెక్కించి ఎస్‌క్యూఎల్ భాషలో అడిగినదే తడవుగా బదులు వచ్చునట్లు చేసినది. ఆ విద్య సభలో నెగ్గినచో ఉద్యోగము స్థిరము.

"అందరికన్నా ముందు చేరినవాళ్లు ఎవరు? అడుగమ్మా, శాలువా కప్పుదాం" అనెను వంగదేశీయుడైన మేనేజరు.

చేరిన తేదీల క్రమమున పేర్చి మొదటి వరుసను మాత్రము చూపుమని ఆమె ఆజ్ఞ వ్రాసెను. తెల్లని గోడపై ప్రొజెక్టరు వెలుగున మూరెడేసి అక్షరములతో బదులు వెలిగెను: "చెవిటిమాలోకం, మగ్గాల విభాగం."

ఇందుమతికి అప్పుడు జ్ఞప్తికి వచ్చెను. పట్టిక పనిచేయునో లేదో చూడవలెనని, కార్యాలయములోని తోడి పిల్లలు పకపక నవ్వుచుండగా, గురువులు అను ముసలి మగ్గపు కార్మికునకు అందరును పెట్టిన ఎగతాళిపేరును అతని నంబరుతోను తేదీతోను తొలివరుసగా నెక్కించినది తానే. చెరుపుట మరచినదియు తానే. పిదప అతని నిజనామమును చేర్పబోగా, ఒక నంబరునకు ఒక్కరే యను కట్టుబాటుగల ఆ పట్టిక దానిని త్రోసిపుచ్చెను. వందలాది వరుసల హడావిడిలో ఆ తిరస్కారమును ఆమె చదువనే లేదు.

తెలుగు కూడబలుకుకొని చదువు మేనేజరు వినయముగా పిలిచెను: "చెవిటి... మాలోకం గారు! రావాలండీ!"

నవ్వు పుట్టి నడుమనే చచ్చెను. గురువులు లేచెను. భార్య పైడమ్మ అతని చేయి పట్టి లాగి తన మొగము వానికెదురుగా త్రిప్పి, "కూకో మావా! ఆ శాలువా నేకపోతే సలికి సచ్చిపోతామేటి?" అనెను.

"నన్నే కదే పిలిసినారు" అని అతడు మేనేజరు వైపు తిరిగెను. "నానే బాబూ. మగ్గాల రొదకి సెవులు పోనాయి గానీ కళ్లు పోనేదు. ముసిలోడికేటి ఇనపడతాదిలే అని నా ఎదరే అనీసుకుంతారు. పెదాలు సూత్తే తెలిసిపోదేటి?"

ఆ మాటతో సభలో పెక్కండ్రు తమ నోళ్లను అరచేతులతోను పైటచెంగులతోను కప్పుకొనిరి. ఇందుమతియు చేయెత్తెను గాని, గోడనిండ వెలుగుచుండిన తన వ్రాతను కప్పుటకు ఆ చేయి చాలదయ్యెను.