అలుగు ముందర ఫోటో

బియ్యంలో రాయి తగిలితే సోములమ్మ ఏరి పారేస్తుంది. తగలకపోతేనే ఆలోచనలో పడుతుంది. ఎవరు ఏరారు, ఎందుకు ఏరారు, ఏరినవాడికి మనతో ఏం పని? ఇదీ ఆమె వరస. పనసగూడలో వెనకాల ఆమెను అలుగు అంటారు. అడవిలో అలుగును చూసినవాళ్ళకు ఆ పేరెందుకో చెప్పనక్కర్లేదు. ఒళ్ళంతా పెంకులు. ఆకు కదిలితే ఉండచుట్టుకుపోతుంది, గునపం పెట్టినా విప్పుకోదు.

అలాంటి మనిషికి ఉచితంగా పార్కు చూపిస్తామని కబురొచ్చింది.

ఆమె ఒక్కతికే కాదు, గూడెం మొత్తానికి. పనసగూడ సవరల ఊరు. ఊరి వెనక జాకరకొండ. వాళ్ళ జీడిమామిడి, కంది, చోడి అన్నీ ఆ కొండ మీదే. కొత్త పంట నోట పెట్టేముందు జాకరమ్మకి కోడిని కోసేదీ అక్కడే. అరకు దారిలో మెట్లవనం అనే పార్కు కట్టి పేరు మోసిన కంపెనీ ఒకటి, అలాంటిదే ఇంకొకటి జాకరకొండ మీద కడతానంది. ఏజెన్సీలో కొండ కావాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. కిందటి చలికాలం సభ పెట్టారు. "ఒప్పుకున్నోళ్ళు సేతులెత్తండి" అన్నారు. జనం చేతులు రెండూ చంకల్లో దోపుకుని కూర్చున్నారు. మొహం మీద ఈగ వాలినా తోలుకోలేదు. తోలితే ఎత్తినట్టు లెక్కేస్తారని. ఆ ఉపాయం సోములమ్మదే.

కంపెనీ మేనేజరు జగన్నాథరావు ఆ రోజు పక్కన నిలబడి అంతా చూశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఈ కథ ఉండేది కాదు. తర్వాత కూడా మానకుండా ఊరికి వచ్చిపోయేవాడు. ఊరి పెద్ద మంగ్లు ఇంటి అరుగు మీద కూర్చుని చోడంబలి తాగేవాడు. ఒకనాడు కొండ మీంచి "కూ..." అని కేక వినపడితే, "అదేమిటి తాతా?" అని అడిగాడు. ముసలాయన మురిసిపోయి చెప్పాడు. పోడులో ఉన్నవాళ్ళు అలా కేకేస్తే, ఎదుటివాలున ఎవరున్నా చెయ్యెత్తి మళ్ళీ కూ అనాలి. చెయ్యి లేవలేదంటే ఎలుగు పట్టిందనో పాము కరిచిందనో అర్థం, ఊరంతా పరుగెత్తాలి. పాలు తాగే పిల్ల కూడా తల్లిని చూసి చెయ్యెత్తుతుంది. జగన్నాథరావు శ్రద్ధగా తలూపాడు.

ఆ తర్వాతే ఈ పిలుపు. "మీరు చూడకుండానే వద్దంటున్నారు. ఒక్కసారి టూరిస్టుల్లా వచ్చి చూడండి. నచ్చకపోతే మళ్ళీ వద్దనండి" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి మంగ్లుకి ఏమీ దొరకలేదు. సోములమ్మకి దొరికింది.

"టూరిస్టులమన్నాడు. మళ్ళా రోజూ కట్టుకున్న బట్టలే కట్టుకు రమ్మన్నాడు. టూరిస్టులు పాత సీరలు కట్టుకుని ఎల్తారేటి?"

"ఓలత్తా, నీ అనుమానం కుండ పొయ్యి దించినా సల్లారదు," అన్నాడు మల్లేశు. గూడెంలో నోరున్న కుర్రాడతను. "పిలిసి బిరేనీ ఎడతానంతే ఏడుపేటి?"

"ఎర ఎయ్యకుండా సేపని పట్టినోడు ఉన్నాడేట్రా?"

అందరూ నవ్వారు. అందరూ బస్సెక్కారు. సోములమ్మా ఎక్కింది, జనం ఏం పోగొట్టుకుని వస్తారో కళ్ళారా చూడాలని. పక్కన మేనకోడలు రమణి. పార్వతీపురంలో డిగ్రీ చదువుతున్న పిల్ల, చేతిలో ఫోను.

మెట్లవనం గేటు దగ్గర అందరికీ పార్కు పేరున్న టోపీలు పెట్టారు. సోములమ్మ తన టోపీని తిప్పి చూసి, లోపల తడిమి, పిండి, అప్పుడు పెట్టుకుంది.

నిజం చెప్పాలి. పార్కు బాగుంది. కొండవాలు ఎలా ఒంగితే అలా ఒంగిన రాతిగట్లు, ఒకదాని కింద ఒకటి. పైగట్టు నీళ్ళు కిందిగట్టులోకి జారుతూ, ఆ నీళ్ళ మీద మబ్బు కదులుతూ. ఆ గట్ల మధ్య మెట్ల పొడుగునా పడుకుని పే... ద్ద అలుగు. విరిగిన పెంకులు, పలకలు, గాజుముక్కలు పొదిగి చేసిన అలుగు. తల కింద మెట్టు మీద, తోక ఎక్కడో పైన. ఎండ పడితే ఒళ్ళంతా మెరుస్తుంది. ఎక్కడెక్కడినుంచో కార్లేసుకుని వచ్చిన జనం దాని మూతి దగ్గర ఫోటో కోసం వరసకట్టి నిలబడ్డారు. మెట్లవనం అంటే అదే. కేలండర్ల మీదా అదే, బస్సుల వెనకా అదే.

"ఈ గట్ల ఆలోచన మా ఆర్కిటెక్టు గారిది. దీనికి ఆయనకు పెద్ద పెద్ద బహుమతులు వచ్చాయి," అంది గైడు పిల్ల.

మల్లేశు గట్టు మీద చెయ్యి వేసి నిమిరాడు. "మా అయ్య గెడ్డ నీల పక్కన ఇలాటి గట్లు కట్టి వరి ఏసినాడు. ఆడికేటి బగుమతి రాలేదత్తా?"

"మీ అయ్య అలుగుని కట్టలేదు కదా," అంది సోములమ్మ.

"కట్టకపోతేటి, అలుగుతో తోడబుట్టినాడు. నీకు నాను మేనల్లుణ్ణి కాదేటి?"

అప్పుడు ఆమె కూడా నవ్వింది. కానీ పక్కనే కెమెరా వాడు కనబడగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పొద్దుటినుంచీ వాడొకడు వెంట తిరుగుతున్నాడు. వాడికి మొహం చూపించలేదు. చెయ్యి పెడితే తనంతట తనే నీళ్ళు వదిలే కొళాయిని చూసి, "తిప్పకుండా నీలొస్తున్నాయంతే ఎవులో సూస్తున్నట్టే," అని కడుక్కోకుండా వచ్చేసింది. బిర్యానీలో ముక్క మరీ మెత్తగా ఉందని పక్కన పెట్టింది. అనుమానించాల్సిన దాన్ని తప్ప అన్నిటినీ అనుమానించింది.

భోజనాలయ్యాక, "కాస్త నడుం వాల్చండి, తర్వాత పైకి తీసుకెళ్తాం," అని జనాన్ని పార్కు వెనక వైపుకి తీసుకెళ్ళారు. సామాన్ల షెడ్డు పక్కన బోడి నేల. ఎదురుగా లోయ, లోయకు అవతల ఇంకో కొండ. అక్కడినుంచి గట్లూ కనబడవు, అలుగూ కనబడదు. నీలం టార్పాలిన్ పరిచి ఉంది. ముందు ఒక టేబులు, రెండు కుర్చీలు, ఇస్త్రీ చొక్కాల మనుషులిద్దరు, వాళ్ళ ముందు నీళ్ళ సీసాలు. "ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక కూర్చోండి," అంది గైడు పిల్ల. "ఎండ లేదు కదా," అంటూ టోపీలు తిరిగి తీసేసుకుంది.

"ఇచ్చినోలు మళ్ళా తీసీసుకుంతారేటి?" అని గొణిగింది సోములమ్మ. అడుగుదామని నోరు తెరిచేలోగా ఎదుటి కొండ మీంచి కేక వచ్చింది.

"కూ..."

ఇక ఆలోచన ఎక్కడిది? జనమంతా ఒక్కపెట్టున చేతులెత్తి "కూ..." అన్నారు. మంగ్లు ఎత్తాడు, మల్లేశు ఎత్తాడు, చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి ఎత్తింది. సోములమ్మ చెయ్యి కూడా లేచింది, నెత్తిమీదికి, ఆమెను అడక్కుండానే. పొరుగు కొండల మీద మనవాళ్ళున్నారన్న సంతోషంతో మొహాలన్నీ విప్పారాయి. లోయ ఆ కూతను మళ్ళీ వాళ్ళకే ఇచ్చింది. పిల్లలు కిలకిలమన్నారు.

టేబులు వెనకనుంచి కెమెరా టకటకమంది.

"చేతులన్నీ వచ్చాయి సార్," అన్నాడు కెమెరా వాడు.

జగన్నాథరావు తలూపి సిగరెట్టు ముట్టించుకున్నాడు.

సోములమ్మ చెయ్యి దించింది. దించి దానివంక చూసుకుంది. మందిని ఫోటో తీసినవాడు మొహాలన్నీ వచ్చాయంటాడు. చేతులన్నీ వచ్చాయంటాడేటి? అలుగుని చూడ్డానికి లోకమంతా వస్తే, అలుగు కనపడని చోట కూర్చోబెట్టడమేటి? పార్కు పేరున్న టోపీలు తీసెయ్యడమేటి? టార్పాలినూ టేబులూ ఎక్కడ చూసింది తను? సభలో చూసింది. కిందటి చలికాలం పనసగూడలో పరిచిందీ ఇలాంటి నీలం టార్పాలినే.

వెనకవరసలో మంగ్లు దగ్గరికి జరిగింది.

"మావా," అని మంగ్లు చెవిలో చెప్పింది. "మన సేత ఒప్పించీసినారు."

"ఏటి?"

"గ్రామసభ అయిపోనాది. ఇప్పుడే. మనం సేతులెత్తీసినాం. జాకరకొండ ఇచ్చీసినాం."

ముసలాయనకు అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక ఆయన ఎదుటి కొండకేసి చూశాడు. ఆ వాలున పోడు లేదు, పంట లేదు, మేక లేదు. కేకెయ్యడానికి అక్కడ ఎవరికీ పని లేదు.

"నానే సెప్పినాను వాడికి," అన్నాడు. "నా అరుగు మీద కూకోబెట్టి, అంబలి పోసి, నానే సెప్పినాను."

మల్లేశు విన్నాడు. లేచి లుంగీ పైకి కట్టాడు. "ఆ కెమెరా లోయలోకి ఇసిరేత్తాను."

"కూకో ఎదవా," అంది సోములమ్మ. "కెమెరా ఇరిగితే నీ మీద కేసు. ఫోటో అప్పటికే ఇంకో సోటికి ఎలిపోయుంతాది. నువ్వు జైల్లో, వోలు కొండ మీద. అదే కావాల వోలకి."

"మరేటి సేద్దామత్తా? మళ్ళా సంకల్లో పెట్టుకుని కూకుందామా?"

ఉండచుట్టుకోవడం ఆమెకు తెలిసిన విద్య. ఇన్నేళ్ళూ అదే కాపాడింది. కానీ చెయ్యి లేచిపోయాక ఉండచుట్టుకుని ఏం లాభం? ఆ ఫోటోలో పనసగూడ జనం ఉన్నారు, చేతులున్నాయి. ఊరు లేదు. ఏ ఊరు కావాలంటే ఆ ఊరు పెట్టుకోవచ్చు, పనసగూడలో సభ జరిగిందని కింద రాసుకోవచ్చు. అదే కదా వాళ్ళ కిటుకు.

"వోలు ఊరు లేకుండా తీసినారు," అంది నెమ్మదిగా. "ఊరు మనం ఎడదాం. రమణీ, నీ ఫోన్ల బొమ్మలు దిగుతాయి కదే?"

"దిగుతాయత్తా."

"ఇక్కడ సిగ్నలుందా?"

"నిండా ఉంది. మన ఊళ్ళోనే ఉండదు."

"అయితే లెగండి. అందరూ. బేగి. ఇక్కడెలా కూకున్నారో ఆ వరస తప్పొద్దు. సెదిరిన జుత్తు సర్దుకోకండి. ముసలోలు పిల్లల్ని ఎత్తుకోండి."

ఊరంతా షెడ్డు పక్కనుంచి కదిలి ముందు వైపుకి నడిచింది. గైడు పిల్ల "అమ్మా, అమ్మా, ఎక్కడికి?" అంటూ వెంటబడింది.

"పార్కు సూడ్డానికమ్మా. టూరిస్టులం కదా," అంది సోములమ్మ.

అలుగు దగ్గర వరసలో ఉన్న జనం ఇంతమందిని చూసి తప్పుకున్నారు. మెరిసే పెంకుల ముందు, మెట్ల మీద, పనసగూడ కూర్చుంది. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. సోములమ్మ పొద్దుటినుంచీ మొహానికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి నడుముకి దోపింది. అలుగు మూతి పక్కనే, అందరికంటే ముందు, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మూతి కనబడతందా?"

"నీదా, అలుగుదా?" అన్నాడు మల్లేశు వెనకనుంచి.

"రెండూ పడాల. ఆ పార్కు పేరున్న బోర్డు కూడా పడాల. రమణీ, సూసుకో." చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని గొంతెత్తింది. "కూ..."

చేతులన్నీ లేచాయి. "కూ..." అన్నారు. ఈసారి మొహాల్లో నవ్వు లేదు. చూస్తున్న టూరిస్టులకు మాత్రం ఆ కూత ముచ్చటేసింది. వాళ్ళూ ఫోన్లు పైకెత్తారు. ఎవరో వీడియో తీశారు. నగరం నుంచి వచ్చిన ఒకామె, "ఇంకోసారి అనండి ప్లీజ్," అని అడిగింది.

"ఎన్నిసార్లయినా అంతాం తల్లీ. తీసి నీ దగ్గిరే ఉంచుకో. పారెయ్యకు," అంది సోములమ్మ.

జగన్నాథరావు పరుగులాంటి నడకతో వచ్చాడు. "అమ్మా, బస్సుకి టైమయింది. ఇక్కడ ఇలా గుంపుగా కూర్చోకూడదు, మిగతావాళ్ళకి ఇబ్బంది."

"ఒక్క ఫోటో బాబూ. మీరు తీసినాది బాగుందో లేదో. ఆ సీరలే, ఆ సేతులే, ఆ వరసే. ఎనకాల అలుగు ఒక్కటే కొత్త."

అతను ఆమె వంక చూశాడు. ముందువరసలో చంటిపిల్ల తల్లి, వెనకవరసలో మంగ్లు, చివర మల్లేశు. తన కెమెరాలో ఎక్కడ ఎవరున్నారో అతనికి బాగా తెలుసు. ఎందుకంటే అలా కూర్చోబెట్టించింది తనే.

"పంపీసేను అత్తా," అంది రమణి. "మన కుర్రోలందరికీ. మా కాలేజీ గ్రూపుకి. పేపరాయనకి కూడా. కింద రాసేను: పనసగూడ జనం, అరకు మెట్లవనంలో, ఈ రోజు."

మంగ్లు మెట్టు దిగి జగన్నాథరావుకు దగ్గరగా వచ్చాడు. ముసలాయన గొంతు పైకి లేవలేదు. "కేకంతే పేనానికి సంబందించిన మాట బాబూ. దాంతో ఆటాడేవు. ఇంక మా అరుగెక్కకు."

జగన్నాథరావు వెనక్కి తిరిగాడు. కెమెరా వాడి దగ్గరకు పోయి గొంతు తగ్గించి అన్నాడు గానీ, సోములమ్మ చెవులకు అది అందింది.

"అది ఇంక పనికిరాదు. తీసెయ్."

తిరుగు బస్సులో సాయంత్రం టీ ఇవ్వలేదు. మేనేజరు సీటు ఖాళీగా వచ్చింది. మల్లేశు ఆ సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని జగన్నాథరావు నడకను అనుకరిస్తుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. సోములమ్మ నవ్వలేదు. ఒక ఫోటో చచ్చిందంటే ఇంకో ఎత్తు పుడుతుందని ఆమెకు తెలుసు. జాకరకొండ ఇవాళ్టికి మిగిలింది, అంతే. ఫోను అడిగి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఫోటోలో అలుగు కంటే తన నోరే పెద్దగా పడింది.

మలుపు దగ్గర బస్సు నెమ్మదించింది. పొద్దు వాలుతోంది. పైన ఎక్కడో పోడులోంచి ఆడగొంతు వినబడింది.

"కూ..."

బస్సులో ఒక్క చెయ్యి లేవలేదు. ఎత్తబోయిన చేతులు సగంలో ఆగాయి. అందరూ సోములమ్మ వైపే చూశారు. ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. వాలున కోసిన చోడి మోపులున్నాయి. మోపుల పక్కన ఒక మనిషి కొండ కిందికి చూస్తూ జవాబు కోసం నిలబడి ఉంది. టేబులు లేదు, టార్పాలిన్ లేదు.

సోములమ్మ కిటికీలోంచి చెయ్యి మోచేతిదాకా బయటపెట్టి, ఊపి, గొంతు పగిలేలా కేకేసింది.

"ఎత్తండర్రా," అంది వెనక్కి తిరిగి. "ఆ మనిసి మనదే."