కరెంటుకు మానిన పుండు

నా పుండు మానితే భార్గవి వెళ్లిపోతుంది. ఆ మాట తన తండ్రి రెడ్డెప్పకు మా వంటింట్లోనే, నా ఎదుటే ఇచ్చింది.

"అత్త కాలు మానిందాక ఆగు నాయనా. ఆ పైన నువ్వు సెప్పినట్టే ఇంటా."

కుప్పం వాళ్లెవరో ఆమెను రెండో పెళ్లికి చూసి ఒప్పుకున్నారు. నా కొడుకు మునిచంద్ర బెంగళూరు రోడ్డు మీద యాక్సిడెంటులో పోయాక, కోడలిని మా పుంగనూరు ఇంట్లో పట్టి ఉంచింది నా చీలమండ మీది పుండు ఒక్కటే.

మందులకు లొంగని పుండుకు కరెంటు పెడతారని విని, నన్ను మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా భార్గవే. జోనాథన్ అనే ఫిజియోథెరపిస్టు పుండు మీద తడి గాజుగుడ్డ పరిచి, దానిపైన ఒక ప్యాడ్, పిక్కకు ఇంకో ప్యాడ్ అంటించేవాడు.

"సీమలు పాకినట్టుంటే సెప్పమ్మా. మంటైతే తగ్గిస్తా."

"షాక్ కొడుతుందేమోప్పా."

"ఇంట్లో మిక్సీకి భయపడవు, దీనికి భయపడతావా?"

భార్గవి నవ్వింది.

మొదట్లో నాకూ సంతోషమే. పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి అంచు గీసేవాడు. గీత లోపలికి జరుగుతూ వచ్చింది. అరచేయంత పుండు చింతగింజంత అయ్యేసరికి నాకు అన్నం సయించలేదు. ఆ రోజు చీమ పాకకముందే "మంట, తగ్గించప్పా" అన్నాను. తర్వాత కూడా అదే అన్నాను. గీత ఆగిపోయింది.

తిరుగు బస్సులో భార్గవి అడిగింది.

"నిజంగా మంటగా ఉండాదా అత్తా?"

"ఉండాదమ్మా."

"నా మీద ఒట్టేసి సెప్పు."

వేయలేకపోయాను.

"నువ్వు పోతే వాని పేరెత్తే మనిషి యాడుండారే ఆ ఇంట్లో?" అన్నాను.

"ఆయప్ప పేరు యాడున్నా ఎత్తుతా. నీ పుండు కడిగే కొద్దీ ఎత్తబుద్ధి కాకుండా పోతాండాది."

తర్వాతిసారి జోనాథన్ కరెంటు పెంచాడు. చీమలు పాకాయి.

"మంటా అమ్మా?"

"లేదు."

భార్గవి ఫోన్లోంచి తల ఎత్తలేదు.

పుండు మూసుకుంది. రెడ్డెప్ప కారు తెచ్చాడు. పెట్టె బయట పెట్టి భార్గవి నా కాళ్ల దగ్గర వంగింది. దీవించడానికి చేయి ఎత్తాను. ఆమె నా చీలమండ మీది కొత్త చర్మాన్ని బొటనవేలితో నొక్కి చూసింది.

"గట్టిపడింది నాయనా," అంది లేస్తూ. "పోదాం పా."