రేవులో వేలిముద్రలు

కులసుం తెల్లవారగానే రంగు వేసిన చీరలను గంపకెత్తుకొని చెరువు రేవుకు వచ్చేది. మూడవ మెట్టు నీటికి అందుబాటులోనే ఉన్నా, నాలుగడుగులు ఎడంగా ఉన్న గరుకు బండమీద నడుము వంచి జాడించుకునేది. ఆ మెట్టు అత్తగారైన మహబూబున్నీసాది. ఆమె పోయి ఆరేండ్లయినా, నీళ్లలో ఆమె నీడ అదే వేళకు వచ్చి అదే చోట చీరలు జాడించేది. తన దగ్గరకు వచ్చిన వారి నీడలను ఆ చెరువు వదులుకునేది కాదు. అందుకే ఊరివాళ్లు నీడలు లేని చోటు చూసుకొని కూర్చునేవారు. బతికి ఉండగా కోడలికి ఇవ్వని మెట్టును అత్త ఇప్పుడిస్తుందని కులసుం ఆశ పెట్టుకోలేదు.

పందొమ్మిది వందల అరవై రెండు వేసవిలో, బొంబాయి రోడ్డు లారీలు నిలపడానికి చెరువును పూడ్చాలన్న మాట పుట్టింది. చెరువు విలువ తేల్చమని కచేరీవారు చెన్నబసప్పను పంపారు. వాడుకునేవారు నూరుమందికి తగ్గితే పూడ్చవచ్చు. ఒక్కొక్కరి వేలిముద్ర కాగితం మీద ఉండాలి. బీదరు వైపు నుంచి కొత్తగా వచ్చిన అతడు, ఊరు నిండుగా ఉంటుందని అంగడి రోజునే ఎంచుకున్నాడు. ఆ రోజు ఎవరూ బట్టలుతకరని, పశువులను సైతం అంగడికే తోలుకుపోతారని అతనికి తెలియదు.

మధ్యాహ్నానికి పదకొండు ముద్రలు పడ్డాయి. చివరిది కులసుంది. బావినీళ్లు ఉప్పన, వాటిలో నీలిరంగు నిలవదు. చెరువు పోతే ఆమె పనీ పోతుంది.

“రేపు రారాదా సాబ్, మంది మస్తుగొస్తరు.”

“కాగితం పొద్దుగూకేలోపల ఇయ్యాలె. రానోళ్లను ఎట్ల రాస్తనమ్మా?”

కులసుం నీళ్లవైపు చూసింది. “వచ్చినోళ్లే గద సాబ్ అండ్ల ఉన్నది. మా అత్తమ్మను ఇడిసిపెట్టినవనుకో, నీతోని లడాయికొస్తది.”

చెన్నబసప్ప నియమాల పుస్తకం తిరగేశాడు. వాడుకునేవారు బతికే ఉండాలని అందులో ఎక్కడా లేదు. అతడు చొక్కా చేతులు మడిచి, ఒక కాగితాన్ని నీటిమీద పరిచాడు. అది మునగలేదు. ఎత్తి చూస్తే ముద్రలు వరుసగా పడి ఉన్నాయి: పసుపు అంటినవి, బురద అంటినవి, బీడీలు చుట్టి అరిగినవి. పొద్దు వాలేసరికి నాలుగువందల పన్నెండయ్యాయి. ఆఖరి ముద్ర నీలిరంగుది, నడుమ కత్తిగాటుతో. అది అత్త వేలిదేనని కులసుం గుర్తుపట్టింది.

కచేరీలో ఆ కాగితాలను ఆరబెట్టి, లెక్క సరిచూసుకొని, దస్తఖతు చేశారు. లారీలకు చిరాగ్‌పల్లి దారిలో బీడు చూశారు.

ఆ కబురు తెలిసిన మరునాడు కులసుం ఎప్పటిలాగే బండమీద గంప దించింది. నీళ్లలో మహబూబున్నీసా నీడ చేతిలోని చీరను పిండి, భుజాన వేసుకొని, సగం మెట్టు వదిలి పక్కకు జరిగింది. కులసుం గంపను ఎత్తుకొని పోయి ఆ సగంలో కూర్చుంది.