బూడిద బాట కింది పాము

కెర్మెకోల్ సరస్సులో పాము లేదనే మనిషి ఆ చలికాలపు మకాం మొత్తానికి ఒక్కతే ఉంది. పేరు బుర్మకన్. విచిత్రమేమిటంటే, ఆ పాము మింగిందని అందరూ చెప్పుకునేది ఆవిడ మొగుణ్ణే.

పదకొండేళ్ళ కిందట, మార్చి నెలలో, గొర్రెల మందను గడ్డకట్టిన సరస్సు మీదుగా అవతలి ఒడ్డున ఉన్న ఊరికి దాటిస్తున్నారు. అందరికన్నా ముందు గుర్రం మీద వెళుతున్న కుబాత్, సరస్సు మెడలా సన్నబడ్డచోట, సరిగ్గా నడిమధ్యన గుర్రంతో సహా మునిగిపోయాడు. శవం కూడా దొరకలేదు. సాయంత్రానికల్లా అందరి నోటా ఒకటే మాట, అజిదార్ పట్టుకుపోయిందని. అజిదార్ అంటే సరస్సు అడుగున చుట్టలు చుట్టుకుని పడుకుంటుందనే మహాసర్పం. తాతలు చెప్పారు, ఆ తాతలకు వాళ్ళ తాతలు చెప్పారు. కళ్ళారా చూసినవాడు మాత్రం ఎప్పుడూ పక్క ఊళ్ళోనే ఉంటాడు.

ఆ తర్వాత మార్చిలో ఎవరూ గడ్డ మీద అడుగుపెట్టలేదు. మూడు రోజుల దారైనా సరే, కనుమ ఎక్కి చుట్టూ తిరిగి వెళ్ళేవారు. ఈ ఏడు కనుమలో మంచు కొండచరియలా విరిగిపడి దారి మూసేసింది. గడ్డివాములు అయిపోయాయి. గొర్రెలు ఇవాళో రేపో ఈనేలా ఉన్నాయి. ఇక దాటక తప్పదని కుబాత్‌కు అన్న అయిన మాంబెతాలి తేల్చాడు. మకాంలో ఉన్న ఆరిళ్ళకూ ఆయన మాటే మాట. గొర్రెల గిట్టలు జారకుండా ఇరవై రోజుల ముందే సరస్సుకు అడ్డంగా బూడిద బాట వేయించాడు. ముందురోజు ఒడ్డున గొర్రెను కోసి పాముకు బలి ఇచ్చాడు. ముందు నడిచేవాడిగా బుర్మకన్ కొడుకు ఎర్మెక్‌ను ఎంచాడు. పాము ఒకే ఇంటి గడప రెండుసార్లు తొక్కదట.

ఎర్మెక్‌కు పంతొమ్మిదేళ్ళు. ఆ వయసులో పామంటే భయం ఉండదు, పిరికివాడంటారేమోనని భయం ఉంటుంది.

తెల్లవారగానే ఉప్పు వేసిన పాల టీ గిన్నె కొడుకు ముందు పెట్టి, "నువ్వు ముందు నడవడానికి వీల్లేదు," అంది బుర్మకన్.

"నాకు దానంటే భయం లేదమ్మా."

"లేనిదాని మీద భయం లేకపోవడం కూడా ఒక మగతనమేనా? ఖాళీ గదిలోకి వెళ్ళి దెయ్యాన్ని హడలగొట్టి వచ్చానన్నట్టుంది నీ గొప్ప. నా భయం పాము గురించి కాదురా, బూడిద గురించి."

"బూడిదా? బూడిదేం చేస్తుంది?"

"ఇంటి వెనక్కి వెళ్ళి చూడు. నేను రోజూ పొయ్యి బూడిద పోసే చోట మంచు ఎలా ఉందో చూసి రా."

ఎర్మెక్ చూడలేదు. నవ్వి, టీ తాగి, గుర్రానికి జీను వేయడానికి లేచాడు. మగవాళ్ళు పొయ్యిలో బూడిద ఎత్తరు. ఎత్తి ఉంటే ఆ సంగతి ఏనాడో తెలిసేది. బూడిద పడ్డ మంచు మిగతా మంచుకన్నా ముందే కుంగిపోతుంది. నలుపుకు ఎండ తగిలితే చాలు, వేడంతా లోపలికి లాక్కుంటుంది. మొగుడు పోయిన మూడో ఏట, ఖాళీ చేసిన బూడిద తట్ట చేత్తో పట్టుకుని, పెరట్లో తన మోకాలిలోతు గుంట వైపు చూస్తూ బుర్మకన్ చాలాసేపు అలాగే నిలబడిపోయింది. ఆ రోజే ఆమెకు అంతా అర్థమైంది. కుబాత్ పోయిన ఏడు మాంబెతాలి మొట్టమొదటిసారి నెల ముందే బూడిద వేయించాడు. అంతకుముందు తరతరాలుగా దాటే రోజు పొద్దునే చల్లేవారు. అప్పట్లో పాము ఎవరినీ తినలేదు.

ఆ మాట ఎవరితో చెప్పగలదు? ఆ ఇంటి కోడలు బావగారి ఎదుట గొంతెత్తకూడదు, ఆయనకు వీపు చూపించకూడదు, ఆయన పేరు అసలే పలకకూడదు. ఇరవై మూడేళ్ళుగా ఆమె మాంబెతాలిని 'పెద్దింటాయన' అనే అంటోంది. తోడికోడలు, మాంబెతాలి పెళ్ళాం రాకియాతో ఒకసారి అంది. "నోరు మూసుకో చెల్లీ, ఆయన చెవిన పడితే ఇంకేమైనా ఉందా?" అని ఆవిడ రెండు చేతులతో బుర్మకన్ నోరు మూసేసింది. కనుమ దారి తెరిచి ఉన్నంతకాలం బుర్మకన్ కూడా ఊరుకుంది. ఇప్పుడు కొడుకు జీను బిగిస్తుంటే ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. మూలనున్న గునపం భుజాన వేసుకుని సరస్సు దారి పట్టింది.

ఒడ్డున మంద పోగై ఉంది. ఎండ ఇంకా కొండమీదే ఉంది. బూడిద బాట తెల్లటి గడ్డ మీద నల్లగా అవతలి ఒడ్డుదాకా సాగింది. బుర్మకన్ నేరుగా వెళ్ళి దాని మొదట్లో అడ్డంగా నిలబడింది.

"తప్పుకో వదినా, పాము మళ్ళీ లేస్తుంది," అన్నాడు చోరో. మకాంలో అందరికన్నా బలవంతుడు, అందరికన్నా వాగుడుకాయ. "నమ్మకపోతే ఇదిగో చూడు. నిరుడు వేసవిలో నా ఫోనులో తీశాను. మూడు మూపురాలు! నీళ్ళలో ఎలా పోతున్నాయో చూడు."

"నీటికుక్క తన పిల్లల్ని వెంటేసుకు పోతోందిరా. వరుసగా ఈదితే అలాగే కనిపిస్తాయి."

"మరి చలికాలంలో ఆ అరుపులో? సరస్సంతా మూలుగుతుంది కదా!"

"చలికి గడ్డ బిగుసుకుని బీటలు వారితే చప్పుడు కాదా? మీ ఇంటి తలుపు కూడా చలికి కిర్రుమంటుంది. దాంట్లో కూడా పాముందా?"

జనంలో ఒకరిద్దరు నవ్వారు. చోరోకు ఉక్రోషం వచ్చింది. "వెనకటికి రష్యన్లు వచ్చి తాడు వదిలితే అడుగే అందలేదట తెలుసా?"

"తాడు చాలకపోతే పామున్నట్టా? అదెంత ఉంటుందంటావు? ఇరవై గుర్రాలంతా? మరి ఏం తిని బతుకుతోంది నాయనా? ఈ నీళ్ళలో ఉన్నవి జానెడు చేపలు. ఏడాదికి మీరు పడేసేది ఒక గొర్రె, అది కూడా పాముకి ఊపిరితిత్తులు, మీకు తొడమాంసం! అంత తక్కువ తిండితో మా ఇంట్లో పిల్లి కూడా ఉండదు. ఇంకో సంగతి చెప్పు. నడిశీతాకాలంలో నువ్వు రోజూ దీనిమీద తిరుగుతావు కదా, నిన్నెప్పుడైనా ముట్టుకుందా? దానికి కూడా కేలండరుందా, మార్చి వస్తేనే ఆకలేయడానికి?"

చోరో ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మాంబెతాలి ఇదంతా విననట్టే ఉన్నాడు. ఆడదానితో నలుగురిలో వాదించడం ఆయనకు చిన్నతనం. "ఎర్మెక్, కదులు. ఎండొస్తోంది," అన్నాడు. ఎర్మెక్ గుర్రాన్ని తల్లి పక్కనుంచి తిప్పి బూడిద మీదికి అదిలించాడు. దాని ముందుకాలు లేచింది.

"మాంబెతాలీ!"

అరుపు అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. రాకియా చెంపలు వేసుకుంది. ఎర్మెక్ గుర్రాన్ని గబుక్కున ఆపాడు. ఆ ఇంటి కోడలు బావగారిని పేరుపెట్టి పిలవడం అక్కడ ఎవరి ఎరుకలోనూ జరగలేదు.

"బుద్ధుండే మాట్లాడుతున్నావా?" అన్నాడు మాంబెతాలి. ముఖం ఎర్రబడిపోయింది.

"బుద్ధి ఉంది కాబట్టే. నన్ను తర్వాత ఏమైనా అనండి, పుట్టింటికి తరిమేయండి. ముందు ఇది చూడండి."

బూడిద బాట మీద ఒడ్డు నుంచి పది అంగలు నడిచి, గునపం ఎత్తి పొడిచింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో పోటుకు గునపం చేతుల్లోంచి జారినంత పనైంది. రంధ్రంలోంచి నీళ్ళు బుడబుడా పైకొచ్చి బూడిదను తడిపాయి. అక్కడినుంచి పక్కకు, గాలి ఊడ్చిన తెల్లటి గడ్డ మీదికి వెళ్ళి గునపం చోరోకు ఇచ్చింది.

"నువ్వు పొడువు. నేను ఆడదాన్ని, చేతిలో బలం లేదని రేపు అంటారు."

చోరో పొడిచాడు. ఇరవైదాకా లెక్కపెట్టి లెక్క మరిచాడు. టోపీ తీసి చెమట తుడుచుకుని మళ్ళీ పొడిచాడు. గుంట మోచేతిదాకా దిగింది కానీ చుక్క నీరు రాలేదు. చివరికి గునపం పక్కన పడేసి, "ఇది రాయి, పెద్దన్నా," అన్నాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

అందరూ నీళ్ళూరుతున్న ఆ రంధ్రాన్నే చూస్తున్నారు. మాంబెతాలి ఒక్కడే అటు చూడలేదు. గుర్రం దిగి బుర్మకన్ దగ్గరికి వచ్చి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"పాము లేదంటే... మరి వాణ్ణి చంపిందెవరు?"

బుర్మకన్‌కు ఒక్క క్షణం జాలేసింది. పదకొండేళ్ళుగా ఈ మనిషికి ఆ పాము ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. ఆడలేక మద్దెల ఓడనడం చిన్న విషయం. తమ్ముడి చావును మోయలేక పామును పెంచుకోవడం వేరు. అయినా ఆ జాలిని అక్కడికక్కడే దిగమింగింది. జాలిపడితే కొడుకు పోతాడు.

"ఆ రోజు మీకు తెలీదు బావగారూ. తెలీక చేసినదానికి నేను మిమ్మల్ని అడగలేదు, అడగను కూడా. ఇవాళ తెలుసు. ఇవాళ నా కొడుకు ఈ బూడిద మీద కాలు పెడితే, వాణ్ణి తిన్నది పాము కాదు, మీరు."

ఆయన తెల్లటి గడ్డ మీద బూటుతో రుద్ది చూశాడు. "తెల్లగడ్డ మీద గొర్రెకు కాలు నిలవదు," అన్నాడు చివరికి. "పది అడుగుల్లో కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి."

"కంబళ్ళు పరుద్దాం."

గుడారాలకు గోడగా, కప్పుగా కట్టే మందపాటి ఉన్ని కంబళ్ళవి. ఆడవాళ్ళు వేసవంతా ఉన్ని కొట్టి, వేడినీళ్ళు పోసి, చుట్టి, తొక్కి తయారుచేసినవి. అవి ఆడవాళ్ళ సొత్తు. వాటి మీద పెత్తనం మాంబెతాలికి కూడా లేదు. మగవాళ్ళు గొణిగారు. తడిస్తే పాడవుతాయన్నారు. రాకియా మొగుడి వైపు చూడకుండానే ఇంటికి నడిచి, తన గుడారపు కప్పు కంబళి ఈడ్చుకొచ్చి, తోడికోడలి కాళ్ళ ముందు పడేసింది.

"నాది ముందు పరువు, చెల్లీ. అన్నిటికన్నా పెద్దది."

ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆరిళ్ళ కంబళ్ళూ వచ్చాయి. సరస్సు మెడ అక్కడ మూడువందల అంగలు. బూడిద బాటకు దూరంగా, ఒక కంబళి అంచు మీద ఇంకో కంబళి అంచు వేస్తూ తెల్లటి గడ్డ మీద పరుచుకుంటూ పోయారు. ఎర్మెక్ గుర్రం పట్టుకుని ముందుకు రాబోతే మాంబెతాలి చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వు వెనకుండు. నేను నడుస్తాను."

నడిచాడు. వెనకాలే మంద కదిలింది. నడిమధ్యకు వచ్చేసరికి ఒక మొండి గొర్రె వరుస తప్పి బూడిద వైపు పరుగెత్తింది. బాట మీద రెండు గెంతులు వేసిందో లేదో, వెనక కాళ్ళ కింద గడ్డ సడి లేకుండా దిగబడింది. చోరో ఉచ్చు విసిరి మెడకు వేసి లాగాడు. తడిసి వణుకుతూ గొర్రె బయటపడింది. అది దిగబడిన చోట నల్లటి నీళ్ళు కదులుతున్నాయి. ఎర్మెక్ ఆ నీళ్ళ వైపు చూస్తూ నిలబడిపోయాడు. గుర్రం బరువు ఎంతో, తన బరువు ఎంతో లెక్క వేసుకుంటున్నట్టున్నాడు. తల్లి వైపు తిరిగాడు. "మందను చూసుకో," అంది బుర్మకన్.

అవతలి ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. చివరి గొర్రె నేల ఎక్కగానే కేరింతలు కొట్టారు. ఒక ముసలాయన చేతులు పైకెత్తి, "బలి పుచ్చుకుంది! అజిదార్ దారిచ్చింది!" అని అరిచాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఒకావిడ ఎర్మెక్ తల నిమిరి, "మీ నాన్నను తీసుకుంది కదా, అందుకే నిన్ను వదిలేసింది," అంది. వచ్చే ఏడు రెండు గొర్రెలు ఇవ్వాలని ఎవరో అప్పుడే అంటున్నారు.

మాంబెతాలి ఏమీ అనకుండా ఉంటే సరిపోయేది. అందరూ అదే వినాలనుకుంటున్నారు. ఆయన బుర్మకన్ వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బతిమాలలేదు, బెదిరించలేదు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

ఆయన బొచ్చుటోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పాము లేదు," అన్నాడు నేల వైపు చూస్తూ. "ఎన్నడూ లేదు. కుబాత్ పోయింది నేను వేయించిన బూడిద వల్ల."

ముందువరుసలో సద్దుమణిగింది. ముసలాయన ఎత్తిన చేతులు మెల్లగా దించాడు. వెనకనుంచి మాత్రం, "ఏమంటున్నాడు? ఏమన్నాడు?" అని గోల వినపడుతూనే ఉంది.

"ఇంకోసారి చెప్పండి బావగారూ," అంది బుర్మకన్. "వెనకున్నవాళ్ళకి వినపడలేదు."

మాంబెతాలి తలెత్తి, ఈసారి ఊరంతా వినేలా చెప్పాడు.