మూడో అంతస్తులో ఉప్పునీళ్ళు

పొద్దున్నే పరుపుల మేస్త్రీ ఇంట్లో మొదట వినపడేది చప్పట్లు. కూతుర్ని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, అరచెయ్యి దొప్పలా ముడిచి వీపు మీద తడుతుంటాడు. లోపల జిగురులా పట్టేసిన తెమడ కదలాలి కదా. ఆ పిల్లకి పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు. ముద్దుపెట్టుకుంటే పెదాలకి ఉప్పు తగిలే చంటిపిల్లని పరీక్ష చేసి డాక్టరమ్మ ఆ పేరు చెప్పినప్పుడు మేస్త్రీకి నోరు తిరగలేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తట్టడం అయ్యాక ఆవిరి మందు మిషను, తిండితో పాటు గుప్పెడు మాత్రలు, ఆ తర్వాత పరుగు. మెట్లెక్కి డాబా మీదికి, డాబా చుట్టూ, మళ్ళీ కిందికి. పరిగెడితే దగ్గొస్తుంది, దగ్గితే తెమడ వస్తుంది, అది వస్తే ఊపిరాడుతుంది. ఒక్కచోట కాలు నిలవదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు.

కాలు నిలిచిందా, ఇల్లు తడుస్తుంది. పిచ్చుక ఎక్కువసేపు కదలకుండా కూచుంటే ఆమె పాదాల దగ్గర నేలలోంచి నీళ్ళు ఊరతాయి. ఉప్పునీళ్ళు. లేచి నాలుగు గంతులు వేస్తే ఇంకిపోతాయి. అందుకే ఆ ఇంట్లో మంచాలు ఇటుకల మీద ఉంటాయి. బడిలో సుద్దముక్కలు తెచ్చే పని ఎప్పుడూ పిచ్చుకదే. కింది వాటాలో మామ్మగారు తన సీలింగు మీద మరక కనపడగానే చీపురు కర్రతో పైకి పొడిచి, "పిల్లని లేపండర్రా, నా నెత్తిన కారుతోంది!" అని అరుస్తుంది. పరీక్షల రోజుల్లో ఆవిడ గొడుగు వేసుకునే వంట చేసుకుంటుంది.

చలికాలం మొదట్లో పిచ్చుక డాబా మీద పరిగెడుతూ ఆగి దగ్గింది. రుమాల్లో నెత్తుటి జీర. మేస్త్రీ ఎదురుగానే ఉన్నాడు. ఆస్పత్రిలో వారాల తరబడి నరానికి మందులెక్కించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ వీపంతా గొట్టం పెట్టి విని, "ఇన్ఫెక్షన్ తగ్గింది. ముందు నడిపించండి, తర్వాత మెల్లగా పరుగు. పడుకోబెట్టారంటే మాత్రం మళ్ళీ ఇక్కడికే వస్తారు," అంది. మేస్త్రీ తలూపాడు గానీ, ఆయన చెవిన పడింది 'మెల్లగా' అన్న ఒక్క మాటే. కళ్ళు మూసినా తెరిచినా ఆ జీరే కనపడుతోంది.

జన్మంతా పరుపులు కుట్టినవాడు. ఏ బాధకైనా మెత్తటి పక్కే మందని నమ్మినవాడు. కూతురికి కొత్త దూది ఏకించి పరుపు కుట్టాడు, పెళ్ళాం గలేబు కుట్టింది. ఆవిడ అటు తిరిగినప్పుడు పిల్ల పరుగు బూట్లు రెండూ దూది మధ్యలో దూర్చి మూతి కుట్టేశాడు. ఎవరూ వెతకని చోటు ఆయనకి తెలిసింది అదొక్కటే.

"నా బూట్లేవి నాన్నా?"

"ముందు ఒళ్ళు కూడదీసుకో తల్లీ. బూట్లెక్కడికి పోతాయి?"

నీళ్ళు ఊరడం మొదలైంది. ముందు మడమల దాకా, తర్వాత పిక్కల దాకా. తలుపు బార్లా తెరిచినా గడప దాటవు. మోకాటి లోతు నీళ్ళలో పొయ్యి దగ్గర నిలబడి పెళ్ళాం అడిగింది.

"ఒక్క మాట పూర్తి చెయ్యడానికి పిల్ల రెండుసార్లు ఊపిరి తీసుకుంటోంది. వింటున్నారా?"

"వింటున్నా."

"మరి?"

"పరిగెడితే మళ్ళీ నెత్తురు పడితే? నువ్వు చూళ్ళేదు. నేను చూశాను."

ఆయనకి పరుగంటే భయం, ఆవిడకి నీళ్ళంటే భయం. పిచ్చుకకి రెండూ భయమే. పడుకుంటే గుండెల మీద ఎవరో కూచున్నట్టు ఉంటుంది. లేద్దామంటే రుమాలు గుర్తొస్తుంది. నాన్న వద్దన్నప్పుడల్లా లోలోపల హమ్మయ్య అనుకుంటుంది, అనుకున్నందుకు ఇంకా భయపడుతుంది.

ఒక మధ్యాహ్నం నీళ్ళు మంచం పట్టెలు దాటి పరుపుని అందుకున్నాయి. దూదంతా నానిపోయి బండలా బిగిసింది. మామ్మగారు గొడుగుతో సహా నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ లోపలికొచ్చింది.

"ఏమయ్యా మేస్త్రీ, నా ఇల్లు పోతే పోయింది, మళ్ళీ సున్నం కొట్టించుకుంటా. పిల్ల మునిగిపోతోందయ్యా!"

మేస్త్రీ కూతుర్ని భుజాన వేసుకుని బయటికి పరిగెత్తాడు. అన్నాళ్ళూ గడప దాటని నీళ్ళు ఆయన వెంటపడ్డాయి. ఆయన మెట్టెక్కితే అవీ మెట్టెక్కాయి. నడుం దాకా వచ్చాయి.

"ఎత్తుకుంటే... తగ్గదు నాన్నా," అంది పిచ్చుక చెవిలో. "దించు."

"దించితే మునుగుతావే!"

"నాకూ భయంగానే ఉంది. దించు."

దించాడు. నీళ్ళు ఆమె గొంతు దాకా తగిలాయి. కెవ్వుమని తండ్రి చొక్కా పట్టుకుంది. పట్టుకునే ఒక కాలు పై మెట్టు మీద వేసింది. నీళ్ళు జానెడు దిగాయి. ఇంకో మెట్టెక్కింది. ఇంకో జానెడు. మూడో మెట్టు మీద తడికి అరికాలు జారి మోకాలు చెక్కుకుపోయింది.

"కత్తెరతో పరుపు కొయ్యవే!" మేస్త్రీ కిందికి అరిచాడు. "బూట్లు అందులో ఉన్నాయి!"

"ఎందులో?" అంది పెళ్ళాం.

"పరుపులోనా!" అంది మామ్మగారు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

దూది పోగులు వేళ్ళాడుతున్న బూట్లు వచ్చాయి. పిచ్చుక మెట్ల మీదే తొడుక్కుంది. ఆగుతూ, గోడ పట్టుకుంటూ డాబా చేరింది. ముందు నడిచింది. తర్వాత, పరుగని అనగలిగితే, పరిగెత్తింది. రెండో చుట్టులో దగ్గు తెర పట్టుకుంది. ఒళ్ళంతా ముందుకి వంగిపోయే దగ్గు. 'కూచో తల్లీ' అన్న మాట మేస్త్రీ నాలిక చివరిదాకా వచ్చింది. చేత్తో నోరు మూసుకుని గోడకి తిరిగాడు. దగ్గు ఆగింది. ఆయన చూడలేకపోయాడు.

"పసుపే నాన్నా," అంది పిచ్చుక, రుమాలు విప్పి. "చిక్కగా ఉంది. ఎరుపు లేదు."

కిందినించి మామ్మగారి గొంతు వినపడింది. "తగ్గుతున్నాయి! ఆపకండి!"

"ఇంకో చుట్టు వేస్తా," అంది పిచ్చుక.

మేస్త్రీ గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. ఈసారి పసుపే. రేపు? ఎల్లుండి? కాలు కదలడం లేదు. చుట్టు తిరిగొచ్చిన పిచ్చుక ఆయన ముందు ఆగి కిందికి చూసింది.

"నాన్నా, నీ కాళ్ళు."

డాబా అంతా ఎండిపోయి ఉంది. ఆయన పాదాల చుట్టూ మాత్రం నేలలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. చూస్తుండగానే చీలమండలు మునిగాయి.

"మళ్ళీ నెత్తురు పడితే?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"పడితే ఆస్పత్రికి పోదాం. ఇప్పుడు పద, మోకాళ్ళ దాకా వచ్చేస్తున్నాయి నీకు."

పిచ్చుక చెయ్యి చాపింది. జన్మలో తనకోసం ఒక్క అడుగు పరిగెత్తి ఎరగని మేస్త్రీ ప్యాంటు పైకి మడుచుకుని, భయం భయంగానే, కూతురి వెనకాల పరిగెత్తాడు.