మిన్కో పెట్టిన పొగ

మే నెల మొదట్లో ఓ తెల్లవారుజామున కజన్లక్ లోయలో రాత్రి పడ్డ మంచుకు గులాబీ మొగ్గలు నల్లబడి వేలాడాయి. నెదెల్కా తోట పల్లంలో ఉంది. చలి కూడా నీళ్లలాగే పల్లానికే దిగుతుంది. గట్టు పైనున్న పక్క తోటవాడు మిన్కో పొదలు మాత్రం పచ్చగా ఉన్నాయి. పైగా రెండు తోటల మధ్య గట్టు పొడవునా బూడిద కుప్పలు! నెదెల్కాకు ఒళ్లు భగ్గుమంది. ఈ ఏడు పూలు రాకపోతే పోయిన మొగుడు దోబ్రి నాటిన తోటను ఆమె వదులుకోవాల్సిందే. ఆ తోట మీద మిన్కోకు ఏనాటి నుంచో కన్ను.

"నాకు పొగ పెట్టి తోట లాక్కుందామనుకున్నావురా?" అంది, అతను గట్టు దిగగానే.

"మంచు పడుతోందని, పొగ కప్పితే నీ పొదలు కాస్త బతుకుతాయని తడి గడ్డి కాల్చానక్కా. నీ తలుపు కూడా కొట్టాను. కుక్కను వదిలావు. నా ప్యాంటు చూడు!"

"అబ్బో, ఇంత ప్రేమ ఎప్పట్నుంచో!"

"తిట్టుకో. కత్తెర మాత్రం పట్టకు. పైన మాడినా కింది కణుపుల్లో ప్రాణం ఉంటుంది. చిగురు ఎక్కడ పొడుస్తుందో చూసి అక్కడికి కోద్దాం. పాత కొమ్మ పోతే ఈ ఏడు పువ్వుండదు."

అది ఆమెకు తెలియని మాటేం కాదు. మిన్కో నోట వచ్చేసరికి తెలిసిన మాటే మోసంలా వినిపించింది. పొదలు మొదలంటా ఎండేదాకా ఆపి, తర్వాత తోట అడుగుతాడు, అంతే! ఆ మధ్యాహ్నమే, పొగకే ఎక్కువ చెడ్డాయనుకుని బూడిద పక్కనున్న వరుసలన్నీ మోకాలి కిందికి నరికి, కొమ్మలు గట్టున పారేసింది. చేతులు బొబ్బలెక్కాక, మిగతావి రేపు చూద్దామని ఆగింది. మర్నాటి నుంచి వాన పట్టుకుంది.

పది రోజులకు వాన వెలిశాక చూస్తే, నరకని పొదల్లో ఒకదానికి ఉంటే మరోదానికి లేకుండా చిగుళ్లు వచ్చాయి. నెదెల్కా గట్టు దగ్గరికి వెళ్లింది. తను పారేసిన కొమ్మలు తడి నేల మీద కణుపు కణుపునా చిగిర్చి ఉన్నాయి. కొన్నిటికి ఆవగింజంత మొగ్గలు కూడా. పొగ బాగా అందింది ఈ వరుసలకే. ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చింది.

మిన్కో వచ్చి కొమ్మల్ని చూశాడు.

"నువ్వు బతికించినవే వెతికి వెతికి నరికానురా," అంది. "తోట కావాలని ఉంటే అడుగు. ఇచ్చేస్తాను."

"మొదళ్లు బతికే ఉన్నాయక్కా. మళ్లీ పూస్తాయి."

"కావాలా వద్దా?"

"ఆశ ఉంది, లేదనను. కానీ ఇప్పుడు అడిగితే, తోట కోసమే పొగ పెట్టానని నువ్వన్నదే నిజమవుతుంది," అని మిన్కో గట్టెక్కి వెళ్లిపోయాడు.