ఘాతం కొట్టేసిన రిపోర్టు

చండ్రుగొండ దాటినాక అడవి అంచున, రెండు గదుల కిరాయి ఇంట్లో నీటి పరీక్షల ల్యాబు ఉన్నది. దానికి ఇన్‌చార్జి జయప్రకాశ్ సారు. నీళ్ల గురించి సారుకు తెలిసింది ఒక్కటే, అవి సీసాల్లో వస్తయి. ఫారాల గురించి మాత్రం ఆయనకు తెలియనిది లేదు.

ద్వాలి అక్కడ కాంట్రాక్టు ఆపరేటరు. తండా పిల్ల. చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ చెప్పని ఏపీఎల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం భాషను ఫోన్‌లో చూసి సొంతంగా నేర్చుకున్నది. అందులో నలభై ఊళ్ల సంఖ్యలను ఒక్క వరుసగా పెట్టి, ఒక్క లైన్‌లో పని తెంపొచ్చు. బ్యాక్టీరియా ఒక ఊరి సీసాలో తొమ్మిది ఉంటే ఇంకో ఊరి సీసాలో వేలల్లో ఉంటది. చదవడానికి సులువని ప్రతి సంఖ్యనూ ఆమె రెండుగా చీల్చింది. ముప్పై ఒక్క వేలు అంటే 3.1 మాంటిస్సా, 4 ఘాతం. అంటే 3.1ని పదితో నాలుగుసార్లు గుణించాలె. రెండూ రెండు నిలువు వరుసల్లో వస్తయి.

సారు ఫారంలో ఉన్నది ఒక్కటే గడి. రెండో వరుస పట్టలేదు. పట్టనిదాన్ని సారు కొట్టేసిండు.

ఆ పొద్దున ద్వాలి చిన్నాయన, హరిలాల్ కాక, తండా నుంచి వచ్చి రిపోర్టు తీసుకున్నడు. ముఖం నిండా నవ్వు.

"బిడ్డా, మన బోరు పాసైంది. మూడే ఉన్నదంట. పదిలోపు ఉంటే తాగొచ్చని ఈ గోడ మీదనే రాసిండ్రు. రేపటి నుంచి ట్యాంకర్ బంద్ చేసి బోరు నీళ్లే వదులుతరు."

పోయిన నెల ఆ బోరు నీళ్లు తాగి తండాలోని ఎర్రమ్మ మనుమరాలు వారం రోజులు దవాఖానాలో పడి ఉన్నది. ద్వాలి కాగితం గుంజుకొని సారు దగ్గరికి పోయింది.

"సార్, నాలుగు ఏది?"

"ఏం నాలుగు?"

"ఘాతం. పక్క వరుసల ఉండె."

"ఆ చిన్న అంకెలా? సీరియల్ నంబర్లనుకున్న. అసలుది పెట్టిన కదమ్మా, పాయింట్‌తో సహా."

"మాంటిస్సా ఎప్పుడూ పదిలోపే ఉంటది సార్. మోరీ నీళ్లు తెచ్చినా పాసే."

"మంచిదే కదా. నలభైకి నలభై పాస్. ఏ ల్యాబుకైనా వచ్చిందా గిట్ల?"

సీసాలు కడుగుతున్న టెక్నీషియన్ అతీక్ తల ఎత్తకుండనే అన్నడు. "సార్, మన ఫిల్టర్ నీళ్లకు తొమ్మిది వచ్చింది. ఇగ మీరు వీళ్ల బోరు నీళ్లే తాగాలె, మూడే కదా."

సారు నవ్వలేదు. "ఫారానికి ప్రోగ్రాం సరిపోవాలె. మారుస్తనంటే రేపటి నుంచి రావద్దమ్మా."

ద్వాలికి సారు కంటే తన మీదనే ఎక్కువ రోత పుట్టింది. ఒక్క లైన్‌లో చీల్చిన అని నెల రోజులు మురిసింది. సంఖ్యను నిండుగా ఉంచితే సగం కోసే సందు ఈ మనిషికి దొరకకపోను. కూర్చొని ఆ లైన్ తీసేసింది. ప్రింట్ కొట్టింది. 31000 గడిలో పట్టక, పక్కన పాస్ ముద్ర కొట్టే జాగలోకి పోయింది.

"గలీజుగా ఉన్నది," అన్నడు సారు. "నేను సంతకం పెట్ట."

"పెట్టకుండ్రి. సంతకం లేని కాగితంతోని ట్యాంకర్ బంద్ కాదు."

హరిలాల్‌కు లెక్క అర్థం కాలేదు గానీ ఈ మాట అర్థమైంది. సంతకం ఉన్న పాత రిపోర్టును ద్వాలి చేతిలోంచి తీసుకొని, సారు కండ్ల ముందరనే ముక్కలు చేసి జేబులో వేసుకున్నడు.

"పోదాం పా బిడ్డా."

"ఆగు కాకా," అన్నది ద్వాలి. ఇంకా ముప్పై తొమ్మిది ఊళ్ల కాగితాలు ప్రింటర్‌లోంచి రావాలె.